మంచం పక్కన కుర్చీ

రెండేళ్ళ కిందట మంచం కొనడానికి వెళ్ళాం. షాపులో కుర్రాడు మంచం చూపించాడు, పరుపు నొక్కి చూపించాడు. చివర్లో మంచానికి అటొకటి ఇటొకటి నిలబెట్టిన బుల్లి డ్రాయర్ల బల్లలు చూపించి, "సైడ్ టేబుల్స్ సెపరేట్ సార్" అన్నాడు. రేటు అడిగితే చెప్పాడు. నేను మా ఆవిడ వైపు చూశాను, తను నా వైపు చూసింది. రాత్రిపూట గ్లాసుడు మంచినీళ్ళు పెట్టుకోడానికి అంత డబ్బా అని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో మేం వాదన లేకుండా తీసుకున్న నిర్ణయాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి.

మంచం ఇంటికొచ్చింది. గ్లాసెక్కడ పెట్టాలన్న ప్రశ్న కూడా దానితోపాటే వచ్చింది.

తన వైపు కిటికీ ఉంది కాబట్టి కిటికీ గట్టే తనకి బల్ల అయిపోయింది. ఫోను, జుట్టు క్లిప్పులు, పాప దగ్గు మందు, అన్నీ ఆ సన్నటి గ్రానైటు పలక మీదే. నా వైపు ఉన్నది ఉత్త గోడ. నేను పుస్తకాలు పేర్చాను. అన్నిటికంటే అడుగున ఆంధ్రమహాభారతం ఉద్యోగపర్వం. దాని మీద నిఘంటువు. దాని మీద, కచ్చితంగా చదివేస్తానని ఎప్పుడో కొన్న రెండు రష్యన్ నవలల అనువాదాలు. ఆ పైన కథల సంపుటాలు, చిట్టచివర కవిత్వం. కవిత్వం పుస్తకాలు పల్చగా ఉంటాయి కాబట్టి ఎత్తు సరిచేసుకోడానికి బాగా పనికొస్తాయి. మొత్తం పదమూడు పుస్తకాలయ్యేసరికి దొంతర పరుపు ఎత్తుకొచ్చింది. పైన గ్లాసు, కళ్ళజోడు, ఫోను. ఇంటికొచ్చిన స్నేహితులు "భలే ఉందే" అని ఫొటోలు కూడా తీసుకున్నారు.

ఈ ఏర్పాటులో ఒకటే ఇబ్బంది. ఏ పుస్తకమూ చదవలేం. ఐదో పుస్తకం కావాలంటే గ్లాసు దించాలి, కళ్ళజోడు దించాలి, పైన నాలుగు పుస్తకాలు మంచం మీద పరవాలి. రాత్రి పదకొండున్నరకి ఆ ఓపిక ఎవరికుంటుంది? అందుకని పైనున్న ఒక్క కవితా సంపుటాన్నే రెండేళ్ళుగా తిరగేస్తున్నాను. దాని అట్ట మీద గ్లాసు అడుగు గుండ్రంగా నాలుగైదు చోట్ల అచ్చు పడింది. ఆ కవి ఎప్పుడైనా మా ఇంటికొస్తే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకోవాలి.

నిజానికి నాకు ఈ విషయంలో అనుభవం తక్కువేం కాదు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో హాస్టల్లో నా మంచం పక్కన సీపీయూ డబ్బా ఉండేది. ఎత్తు సరిగ్గా సరిపోయేది. రాత్రంతా ఏదో ఒక సినిమా డౌన్‌లోడ్ అవుతూ ఉండేది కాబట్టి పైభాగం వెచ్చగా ఉండేది, టీ గ్లాసు పెడితే తొందరగా చల్లారేది కాదు. లోపలి ఫ్యాను చప్పుడుకి బాగా నిద్ర పట్టేది కూడా. ఒకరాత్రి నిద్రలో చెయ్యి తగిలి చెంబెడు నీళ్ళు దాని మీద పడ్డాయి. ప్రాజెక్టు రిపోర్టుతో సహా అన్నీ పోయాయి. అమీర్‌పేటలో ముగ్గురం ఉండే గదికి మారాక, మంచినీళ్ళ సీసాలు వచ్చిన అట్టపెట్టె. వానాకాలం గోడ చెమ్మకి అది మెల్లగా మెత్తబడి, ఒక పక్కకి ఒరిగి, చివరికి కూర్చుండిపోయింది. బెంగళూరులో ప్లాస్టిక్ స్టూలు. పగలు దాని మీద కూర్చుని బట్టలుతుక్కునేవాణ్ణి, రాత్రికి తుడిచి తలగడ పక్కన వేసుకునేవాణ్ణి. వీటిలో వేటినీ నేను బల్ల అనుకోలేదు. గది అద్దెది, మంచం అద్దెది, ఇంకెన్నాళ్ళుంటామో తెలీదు. మంచం పక్కకి ప్రత్యేకంగా ఒక వస్తువు కొనుక్కోవాలంటే ముందు ఆ మంచం అక్కడే ఉంటుందన్న నమ్మకం ఉండాలి.

ఆ బల్ల ఎక్కణ్ణించి వచ్చిందో ఒకసారి చదివాను. 18వ శతాబ్దపు ఇంగ్లండులో మంచం పక్కన చిన్న బీరువాలాంటిది ఉండేది. అది పుస్తకానికో దీపానికో చేసింది కాదు, రాత్రిపూట ఒంటికి వెళ్ళే పింగాణీ కుండని లోపల దాచి తలుపు వెయ్యడానికి. తర్వాత ఇళ్ళలోకి కుళాయిలూ మరుగుదొడ్లూ వచ్చాయి. కుండ పోయింది, బీరువా ఉండిపోయింది. మా కోడ్‌లో ఇలాంటివి బోలెడుంటాయి. ఎందుకు రాశారో ఎవరికీ తెలీదు, తీసేస్తే ఏమవుతుందోనని భయం. చివరికి దానికే ఏదో కొత్త పని అంటగట్టి ఉంచేస్తాం.

మన ఇళ్ళలో అది లేకపోవడానికి కారణం పేదరికం ఒక్కటే కాదనుకుంటాను. మన మంచం ఒక చోట ఉండేది కాదు. తెనాలి పక్కన మా ఊళ్ళో నా చిన్నప్పుడు నవారు మంచం పొద్దున వసారాలో ఉండేది, మధ్యాహ్నం వేపచెట్టు కిందకి వెళ్ళేది, ఎండాకాలం రాత్రుళ్ళు వాకిట్లోకి వచ్చేది. పిల్లలం డాబా మీద చాపలు. పడక ఇలా తిరుగుతుంటే దాని పక్కన బల్ల ఎక్కడ నిలుస్తుంది? అందుకని రాత్రికి కావాల్సినవి మంచంతోపాటు నడిచేవి. టార్చిలైటు తలగడ కింద. చుట్టా అగ్గిపెట్టే తాతయ్య తలపాగా మడతలో. తువ్వాలు మంచంకోడు మీద. నీళ్ళు కూజాలో, కూజా మూతి మీద బోర్లించిన గ్లాసు. నా కూతురు పుట్టినప్పుడు అమ్మ వచ్చి, మా ఆవిడ తలగడ కింద చిన్న ఇనపముక్క పెట్టింది. నేను నవ్వాను. "ఉంటే నీకేం పోయిందిరా" అంది.

కదలనిది ఒకటుండేది, గూడు. నాయనమ్మ పడుకునే గదిలో మట్టిగోడ మూరెడు పైగా మందం. మంచానికి సరిగ్గా చెయ్యందే ఎత్తులో గోడలోకి తొలిచిన గూడు, దానికి పైన చిన్న వంపు. లోపల కిరసనాయిలు దీపం మసి. అందులో నాయనమ్మ అమృతాంజనం సీసా, విభూతి పొట్లం, చిల్లర డబ్బులున్న తగరపు డబ్బా, మాకోసం దాచిన పిప్పరమెంట్లు ఉండేవి. గది నేలలో అంగుళం కూడా ఆక్రమించని బల్ల. చెయ్యి తగిలి పడిపోదు, కాలికి అడ్డం రాదు. మా నాన్న ఆ ఇల్లు తీసేసి ఇటుకలతో కట్టించినప్పుడు గోడలు తొమ్మిదంగుళాలయ్యాయి. ఇప్పుడు నేనుంటున్న ఫ్లాటులో గది గోడలు నాలుగున్నరంగుళాలు. ఇందులో గూడు తొలిస్తే పక్కగదిలోకి తేలతాం.

కొత్త ఇంట్లో నాన్న మంచం ఒక చోట స్థిరపడింది. దాని పక్కన ముక్కాలిపీట, దాని మీద ట్రాన్సిస్టరు, బీపీ మాత్రలు. మా అందరి మంచాల దగ్గరా ఏదో ఒకటి ఉండేది, నాకైతే కిటికీ, చెల్లికి రేకుపెట్టె. అమ్మకేముండేదని ఇప్పుడు తలచుకుంటే ఏమీ గుర్తు రాదు. ఎందుకంటే ఏమీ ఉండేది కాదు. అమ్మ వంటింటికీ మధ్యగదికీ నడుమ గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకునేది. ఆమె సామాను ఆమె ఒంటి మీదే ఉండేది. తాళాలగుత్తి రొండిన, పిన్నీసులు మంగళసూత్రానికి. రాత్రి మాకేం కావాలన్నా కళ్ళు కూడా తెరవకుండా "అమ్మా, నీళ్ళు" అనేవాళ్ళం. నీళ్ళు వచ్చేవి. జ్వరమొస్తే మాత్ర వచ్చేది. దోమలు కుడుతున్నాయంటే దుప్పటి వచ్చేది. నాన్న ముక్కాలిపీట మీద అన్నీ ఉన్నా, కళ్ళజోడు ఎక్కడ పెట్టానని అడగడానికి ఆయనా అమ్మనే లేపేవాడు. అందరికీ చెయ్యందే దూరంలో ఉండటానికే ఆమె గుమ్మం దగ్గర పడుకునేదని నాకు ముప్ఫై ఏళ్ళొచ్చేదాకా తట్టలేదు. వంటింట్లో చల్లగా ఉంటుందని పడుకుంటోందనుకునేవాణ్ణి. ఆమె కూడా అలాగే చెప్పేది.

మా ఉద్యోగంలో ఆన్‌కాల్ అని ఒకటుంటుంది. ఒక వారం పాటు రాత్రీ పగలూ ఫోను దగ్గర పెట్టుకోవాలి. ఎక్కడో సర్వరు ఆగిపోతే రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది. ఐదు నిమిషాల్లో లేచి నేను చూస్తున్నానని నొక్కాలి, లేకపోతే అది నా పైవాణ్ణి లేపుతుంది. ఆ వారమంతా నిద్ర నిద్రలా ఉండదు. ఫోను మోగకపోయినా మోగినట్టుంటుంది. మాది ఏడుగురి టీము కాబట్టి ఏడు వారాలకోసారి వంతు వస్తుంది. ఆ ఒక్క వారానికే మేం ఎంత సణుగుతామో, కంపెనీ వాళ్ళు అదనంగా ఎంతిస్తారో, మర్నాడు ఎంతసేపు ఆలస్యంగా రానిస్తారో, అన్నిటికీ రాతపూర్వకమైన నియమాలున్నాయి. అమ్మ ముప్ఫై ఏళ్ళు వంతు మార్పిడి లేకుండా చేసింది.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. కర్మలు అయిపోయాక కూడా అమ్మ ఊళ్ళోనే ఉంటానంది. మొదటిసారిగా నాన్న మంచం మీద పడుకోవడం మొదలుపెట్టింది. నేను వెళ్ళినప్పుడు చూస్తే, మంచం పక్కన ముక్కాలిపీట లేదు. దాని చోట నాన్న కుర్చీ ఉంది. టేకు కుర్చీ, చేతులున్నది. పెళ్ళయిన కొత్తలో ఊరి వడ్రంగి చేత చేయించుకున్నాడట. వసారాలో కూర్చుని పేపరు చదివేది దాంట్లోనే. సాయంత్రాలు పాండవోద్యోగం పద్యాలు తీసేదీ దాంట్లోనే. గొంతు అంత బాగుండేది కాదు గాని రాగం లాగడానికి మొహమాటపడేవాడు కాదు. ఇప్పుడు ఆ కుర్చీలో అమ్మ కళ్ళజోడు, టార్చిలైటు, మరచెంబు, విక్స్ డబ్బా. ఒక చేతికి ఊతకర్రలాగా తగిలించిన గొడుగు. నాకది చిందరవందరగా కనిపించింది. కుర్చీ తీసుకెళ్ళి వసారాలో దాని చోట పెట్టి, మంచం పక్కకి స్టూలు తెచ్చి వేశాను. అమ్మ ఏమీ అనలేదు. పొద్దున లేచి చూస్తే కుర్చీ మళ్ళీ మంచం పక్కనే ఉంది. స్టూలు మీద బిందె ఉంది.

వాన్ గో 1888లో ఆర్ల్ ఊళ్ళో తన పడకగది బొమ్మ వేశాడు. అందరికీ తెలిసిన బొమ్మే. పసుపురంగు మంచం, రెండు తలగడలు. మూల చిన్న బల్ల ఉంది గాని అది మొహం కడుక్కునే సామానుకే సరిపోయింది. మంచం తలవైపు ఒక కుర్చీ, తలుపు దగ్గర ఇంకో కుర్చీ. రెండూ ఖాళీ. కొద్దిరోజులకి గోగాఁ వచ్చి ఆ ఇంట్లో దిగాడు. అతనున్న రోజుల్లో వాన్ గో రెండు కుర్చీల బొమ్మలు విడివిడిగా వేశాడు. తన కుర్చీ మామూలు గడ్డి అల్లికది, దాని మీద పైపు, పొగాకు. గోగాఁది చేతుల కుర్చీ, దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తి, రెండు పుస్తకాలు. ఆ ఏడాది చివర్లోనే ఇద్దరూ పోట్లాడుకుని విడిపోయారు. ఆ బొమ్మల గురించి నేనోసారి ఏదో పెద్ద వ్యాసం రాద్దామనుకుని నోట్సు కూడా రాసుకున్నాను. వాటిని గురించి నాకున్న ఒకే ఒక్క మాట అమ్మ గదిలో దొరికింది. బల్ల మీద పెట్టిన వస్తువు బల్ల మీద ఉన్నట్టే ఉంటుంది. కుర్చీలో పెట్టిన వస్తువు మనిషి కూర్చోవలసిన చోట ఉన్నట్టుంటుంది.

పోయిన ఏడాది అమ్మ మోకాళ్ళు మరీ ఇబ్బంది పెడుతుంటే హైదరాబాదు తీసుకొచ్చాను. రెండో గది ఆమెకిచ్చాం. మంచం ఉంది, ఫ్యాను ఉంది, కిటికీ ఉంది. కిటికీ మంచానికి దూరంగా ఉంది, లైటు స్విచ్చి తలుపు దగ్గర ఉంది, ఇవేవీ నేను చూడలేదు. "ఇంకేమైనా కావాలా అమ్మా?" అని అడిగాను. ఏమీ అక్కర్లేదంది. ఆమెకేమీ అక్కర్లేదని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు కాబట్టి వెంటనే నమ్మేశాను. కళ్ళజోడూ ఫోనూ తలగడ కింద, నీళ్ళ సీసా నేల మీద.

రెండో నెలలో ఒకరాత్రి మూడింటప్పుడు దాహమేసి లేచిందట. చీకట్లో కాళ్ళు కిందపెడితే సీసా మడమ కింద దొర్లింది. కుడిచెయ్యి ఊని పడింది. మణికట్టు ఎముక చిట్లింది. ఐదున్నరకి మా ఆవిడ లేచి పాలకోసం తలుపు తీస్తుంటే, లోపలి గదిలోంచి మెల్లగా "అమ్మాయ్" అని పిలిచింది. రెండున్నర గంటలు నేల మీదే మంచానికి ఆనుకుని కూర్చుంది.

ఆస్పత్రికి వెళ్ళే దారిలో కారులో అడిగాను. అడిగాననేకంటే అరిచాననడం నిజం.

"మమ్మల్నెందుకు పిలవలేదు?"

"నీకు ఈ వారం ఆన్‌కాల్ అన్నావుగా నాన్నా. రెండ్రోజుల్నుంచి నిద్ర లేదన్నావు."

ఆ ఇంగ్లీషు మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, కాసేపు నాకు ట్రాఫిక్ తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఆరు వారాలు కట్టు. మొదటిరోజు రాత్రే నేను పనిలోకి దిగాను. తప్పు చేసినప్పుడు నా బోటివాళ్ళం ఏడవం, డాక్యుమెంటు రాస్తాం. ఫోనులో రాసుకున్న జాబితా ఇప్పటికీ ఉంది. బల్ల ఎత్తు పరుపుతో సమానంగా ఉండాలి. తక్కువైతే వంగాలి, బాగా ఎక్కువైతే చీకట్లో తడిమే చెయ్యి గ్లాసుని తన్నేస్తుంది. పడుకునే అందుకునేంత దగ్గరుండాలి. అంచు ఉండాలి, వస్తువులు దొర్లకుండా. మూలలు వాడిగా ఉండకూడదు. లేచేటప్పుడు ఆమె దాని మీద బరువు వేస్తుంది కాబట్టి జరగకూడదు, ఒరగకూడదు.

ప్లాస్టిక్ స్టూలు మొదటి పూటే జారింది. అదృష్టం, నేను పక్కనే ఉన్నాను. గోడకి చెక్క కొట్టిద్దామంటే ఇంటి ఓనరు డ్రిల్లింగుకి ఒప్పుకోలేదు. మా ఆవిడ నా పాత జీన్స్ కత్తిరించి, జేబులు అలాగే ఉంచి, పరుపు కింద దోపి పక్కకి వేలాడే సంచి కుట్టింది. అది నిజంగా బాగా కుదిరింది. కళ్ళజోడూ ఫోనూ టార్చీ అందులోనే ఇప్పటికీ. కాని నీళ్ళు జేబులో పెట్టలేం, జేబుని పట్టుకుని లేవలేం. ఆన్‌లైన్లో ఒక బల్ల తెప్పించి ఆలెన్ కీతో గంటన్నర కూర్చుని బిగించాను. చూడ్డానికి బాగుంది. డ్రాయరు లాగాలంటే ఒక చేత్తో బల్ల పట్టుకుని ఇంకో చేత్తో లాగాలి. అమ్మకి ఉన్నది ఒక చెయ్యే. వెనక్కి పంపేశాను. ఒక మిత్రుడు వాళ్ళింట్లో మూలపడున్న రాతిరోలు బోర్లించి వాడుకోమన్నాడు. జరగదు, ఒరగదు, నా జాబితాలో సగం దానికే సరిపోతుంది. నేను నిజంగానే ఆలోచించాను. మూడో అంతస్తుకి మోసే మనిషి కోసం ఫోను చేస్తుంటే అమ్మ విని, "రోలేంట్రా, మంచం పక్కన!" అంది.

"మరేం కావాలి? నువ్వు చెప్పవు కదా!"

"మీ నాన్న కుర్చీ ఉందిగా."

ప్రాజెక్టు మొదలై తొమ్మిది రోజులు. వాడేమనిషిని అడగడం అదే మొదటిసారి.

శనివారం ఊరెళ్ళి తెచ్చాను. కారు వెనకసీటు మీద పడుకోబెట్టి, సీటు బెల్టు కట్టి తీసుకొచ్చాను. మంచం పక్కన వేస్తే సీటు పరుపుకంటే అంగుళం కిందికుంది, అంతే. బరువుకి కదలదు. వెనక చెక్క ఉంది, పక్కల చేతులున్నాయి, గ్లాసు ఎటు దొర్లినా ఆగుతుంది. లేచేటప్పుడు అమ్మ ఎడమచేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, లేస్తుంది. నలభై ఏళ్ళుగా నాన్న చెయ్యి రుద్దుకుని నున్నబడిన చోటే అది. నేను జాబితాలో రాసుకున్నవన్నీ ఆమెకి నాకంటే ముందే తెలుసు. వసారాలోంచి ఆ కుర్చీని రాత్రికి రాత్రి మళ్ళీ లోపలికి ఎందుకు మోసుకొచ్చిందో అప్పటికి గాని నాకర్థం కాలేదు. బహుశా అర్థమైంది సగమే. మిగతా సగం ఎత్తులకీ బరువులకీ సంబంధించింది కాదు.

ఈ వ్యాసం రాద్దామని కూర్చున్నాక నాన్న పద్యాల దగ్గర ఒక అనుమానం వచ్చింది. తిరుపతి వెంకటకవుల నాటకంలో పడక సీను తెలియని తెలుగువాళ్ళు మొన్నమొన్నటిదాకా లేరు. కృష్ణుడు మంచం మీద నిద్రపోతుంటాడు. దుర్యోధనుడు ముందొచ్చి తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు, అర్జునుడు తర్వాతొచ్చి కాళ్ళ దగ్గర. మూలంలో ఎలా ఉందో చూద్దామనుకున్నాను. ఉద్యోగపర్వం ఎక్కడుంది? దొంతర అడుగున. గ్లాసు దించి, పన్నెండు పుస్తకాలు మంచం మీద పరిచి, దాన్ని బయటికి లాగాను. కట్ట ఒక పక్కకి అణిగిపోయి ఉంది. వసతి అదే, భారతంలోనూ తలవైపు దుర్యోధనుడే. చిన్నప్పుడు నాన్న ఆ సీను చెప్పి నీతి కూడా చెప్పేవాడు, పెద్దల కాళ్ళ దగ్గర నిలబడాలిరా, తల దగ్గర కూర్చోకూడదు అని. ఈసారి చదివినప్పుడు నాకింకోటి కనపడింది. ఒకడు తల దగ్గర, ఒకడు కాళ్ళ దగ్గర, తేడా ఉండొచ్చు. కాని ఇద్దరూ అడగడానికి వచ్చినవాళ్ళే. ఆయన కళ్ళు తెరిస్తే చాలు, మా పని చూడమని. నిద్రపోతున్న మనిషికి ఏమైనా కావాలేమోనని వచ్చినవాళ్ళు ఆ గదిలో లేరు.

కట్టు విప్పి ఎనిమిది నెలలయింది. కుర్చీ అక్కడే ఉంది. మొదట్లో దాని మీద అమ్మ సామాను మాత్రమే ఉండేది. ఇప్పుడు చూస్తే పాప దగ్గు మందు కిటికీ గట్టు మీంచి అక్కడికి చేరింది, కొలిచే గ్లాసుతో సహా. నా బండి తాళం ఇంకొకటి అక్కడే ఉంటుంది. థర్మామీటరు, మా ఆవిడ తలనొప్పి మాత్రలు, కరెంటు పోతే కావాల్సిన కొవ్వొత్తి. ఇవి ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలీదు. రాత్రిపూట ఎవరికేం కావాలన్నా ఆ గదిలోకే వెళ్తున్నాం. "నానమ్మా, నీళ్ళు" అని పాప నిద్రలో పిలవడం మొన్న విన్నాను. లేచి నేనే ఇచ్చాను. అమ్మ అప్పటికే లేచి కూర్చుని ఉంది.

పోయిన వారం మళ్ళీ నా వంతు. ఒంటిగంటకి ఫోను మోగింది. పని తెమిలేసరికి మూడు కావస్తోంది. ఇంక నిద్ర పట్టదని తెలుసు. అమ్మ గది తలుపు ఎప్పుడూ ఓరగానే ఉంటుంది. లోపలికి వెళ్ళి, చప్పుడు చెయ్యకుండా, కుర్చీ మీదున్నవి ఒక్కొక్కటే తీసి మంచం మీద ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను. మరచెంబు, థర్మామీటరు, సీసా, తాళం. కూర్చున్నాను. నాన్న పోయాక ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"ఇంకా పడుకోలేదేంట్రా?" అంది. గొంతులో నిద్ర లేదు.

"అయిపోయింది, పడుకుంటాలే. నీకేమైనా కావాలా?"

ఆమె దానికి జవాబు చెప్పలేదు. చీకట్లో కాళ్ళ దగ్గర తడుముకుని మరచెంబు అందుకుంది, మూత తిప్పింది, గ్లాసులోకి నీళ్ళు వొంపి నా చేతికిచ్చింది. "తాగు. గొంతు ఎండిపోయి ఉంటుంది, ఇందాకట్నుంచి ఫోనులో మాట్లాడుతూనే ఉన్నావు."

తాగాను. ఖాళీ గ్లాసు పెట్టడానికి పక్కన చోటు లేదు. అది పెట్టే చోట నేను కూర్చుని ఉన్నాను. చేత్తో పట్టుకునే చాలాసేపు కూర్చున్నాను.